కలిపితే కల్తీ అయిపోతుందా? లా క్లాప్ వైట్ వైన్ సంగతి

తమ్ముడూ, మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వు అడిగింది క్లుప్తంగా చెప్పేస్తా. నీకు టూలూజ్‌లో ఉద్యోగం. టీమ్‌లో ఒక ఫ్రెంచ్ పెద్దాయన రిటైర్ అవుతూ నీ చేతిలో ఒక వైట్ వైన్ సీసా పెట్టాడు. ముందు లేబుల్ మీద 'లా క్లాప్' అని ఉంది, వెనక బూర్‌బూలాంక్, గ్రెనాష్ బ్లాన్, రూసాన్ అని మూడు ద్రాక్షల పేర్లు ఉన్నాయి. మీ రూమ్మేట్ అది చూసి "మంచి వైన్ ఒకే ద్రాక్షతో చేస్తారు, ఇది మిగిలిపోయినవన్నీ ఒకదాంట్లో పోసిన సరుకు" అన్నాడు. నీకు డౌటొచ్చింది. పనిలో పనిగా, ద్రవపదార్థానికి 'డ్రై' ఏమిటి, చేపల పులుసుతో తాగొచ్చా అని కూడా అడిగావు.

మీ రూమ్మేట్ చెప్పింది తప్పు. అది మామూలు తప్పు కాదు, ఆ ఊళ్లో అంటే గొడవ పెట్టుకునేంత తప్పు. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదువు.

నా సంగతి ఒక్క ముక్క. బాపట్లలో అగ్రికల్చర్ డిగ్రీ చేసి, మాంపెలియేలో ద్రాక్ష, వైన్ మీద పీజీ చేశాను. అప్పట్నుంచి పన్నెండేళ్లుగా దక్షిణ ఫ్రాన్స్‌లో నార్బోన్ అనే పట్నం చుట్టుపక్కల సెల్లార్లలోనే, అంటే వైన్ తయారుచేసే చోట్లలోనే, నా బతుకు. నీ సీసా ఎక్కడిదో ఆ కొండ నాకు తెలుసు, కోతల సమయంలో ఆ కొండ మీద గాలికి టోపీ ఎగిరిపోవడం కూడా తెలుసు.

లా క్లాప్ అంటే నార్బోన్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న సున్నపురాయి గుట్టల వరస. ఎత్తు పెద్దగా ఏం లేదు, అన్నిటికన్నా పైనున్న చోటు 214 మీటర్లు. రోమన్ల కాలంలో ఇది దీవి. ఓద్ నది మేట వేసుకుంటూ వేసుకుంటూ దాన్ని నేలకి కలిపేసింది. ఇక్కడి పాత భాష ఆక్సిటన్‌లో ఆ పేరుకి రాళ్ల కుప్ప అని అర్థం. అక్కడ పార వేస్తే ఠంగుమనే శబ్దమే వస్తుంది, పేరు సరిగ్గానే పెట్టారు. ఒకవైపు మధ్యధరా సముద్రం, గ్రుయిసాన్ దగ్గర ఉప్పు మడులు, ఇంకోవైపు నుంచి 'సెర్స్' అనే వాయవ్య గాలి. ఆ గాలి తీగల్ని ఆరబెట్టేస్తుంది కాబట్టి బూజు తెగుళ్ల బెడద తగ్గుతుంది. ఎండ మాత్రం దంచి కొడుతుంది. ఈ ఎండ దగ్గరే అసలు కథ మొదలవుతుంది.

వైట్ వైన్‌కి ప్రాణం పులుపు. అది లేకపోతే ఎంత సువాసన ఉన్నా చల్లారిన చారులా చప్పగా ఉంటుంది. ద్రాక్ష పండే కొద్దీ చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. చల్లటి ప్రాంతంలో ఇది నిదానంగా జరుగుతుంది, రెండూ సరైన పాళ్లలో ఉన్నప్పుడు కోసుకోవచ్చు. ఫ్రాన్స్ తూర్పు వైపున్న బర్గండీలో షార్డొనే అనే ఒక్క ద్రాక్షతో వైట్ వైన్ చేసి నెగ్గుకొస్తున్నారంటే ఆ చల్లదనం పుణ్యమే. మీ రూమ్మేట్ ఎక్కడో బర్గండీ గురించి చదివి, దాన్ని దేశమంతటికీ అంటగట్టాడు. మధ్యధరా ఒడ్డున ఆ లెక్క కుదరదు. ఇక్కడ ఒక ద్రాక్షకి సువాసన వచ్చేసరికి పులుపు పోతుంది, ఇంకోదానికి పులుపు ఉన్నా ఒంట్లో కండ ఉండదు. అందుకే ఈ పక్క వాళ్లు తరాలుగా రెండు మూడు రకాలు కలిపే చేస్తారు. నువ్వు కాఫీ పొడి కొట్టుకెళ్లి పీబెర్రీ ఇంత, ప్లాంటేషన్ ఇంత అని చెప్పి ఆడించుకుంటావు చూడు, అక్కడ ఎవరైనా నిన్ను కల్తీ కాఫీ తాగుతున్నావంటారా? (చికోరీ గురించి మాట్లాడకు, అది వేరే కేసు.)

ఇప్పుడు నీ సీసాలో ఉన్న ముగ్గురి సంగతి.

బూర్‌బూలాంక్. లా క్లాప్ వైట్‌కి ఇదే వెన్నెముక, రూల్ ప్రకారం కనీసం 40 శాతం ఉండాలి. ఆ కొండ మీద ముసలివాళ్లు దీన్ని ఇప్పటికీ 'మల్వాజీ' అంటారు. తోలు మందం, చాలా ఆలస్యంగా పండుతుంది, మిగతావన్నీ కోసేసి మేము అలిసిపోయి కూర్చున్నాక ఇది తీరిగ్గా తయారవుతుంది. దీని గొప్పతనం ఏంటంటే ఆ ఎండలో కూడా పులుపు వదులుకోదు, ఆల్కహాల్ కూడా అతిగా ఎక్కదు. విడిగా రుచి చూస్తే మాత్రం మొదట్లో పెద్దగా ఏమీ అనిపించదు, కాస్త నిమ్మ తొక్క, కాస్త సముద్రపు గాలి, అంతే. మాటకారి కాదు.

గ్రెనాష్ బ్లాన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ముందే పండుతుంది, చక్కెర బాగా పడుతుంది, నోటినిండా ఉంటుంది, పియర్ పండు, సోంపు లాంటి వాసనలు. కానీ పులుపు తక్కువ, పైగా గాలి తగిలితే చాలు పాడైపోతుంది. దీంతో నాకు ఒక పీడకల ఉంది. మొదటి ఏడాది నేను పని చేసిన చోట ఒక చిన్న ట్యాంకులోంచి వైన్ కొంత తీసి వేరేదాంట్లోకి మార్చాం. పైన ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని గ్యాస్‌తో నింపాలి, లేదా చిన్న ట్యాంకులోకి మార్చాలి. శుక్రవారం సాయంత్రం, సోమవారం చూసుకుందాంలే అనుకుని వెళ్లిపోయా. సోమవారం పొద్దున మూత తీస్తే కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన. గ్లాసులో పోస్తే లేత టీ రంగు. మా సెల్లార్ మాస్టర్ అరవలేదు, గ్లాసు నా చేతికిచ్చి "ఇది నువ్వే తాగు" అని వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

రూసాన్ సంగతి, తోలు మీద గోధుమ ఎరుపు మచ్చ ఉంటుంది, పేరు కూడా ఆ రంగు నుంచే వచ్చింది. పెంచడం తలనొప్పి, కాపు నిలకడగా ఉండదు. కానీ కొద్దిగా పడితే చాలు, హెర్బల్ టీ, తేనె, ఎండిన పూల వాసన తెస్తుంది. పోపులో ఇంగువ లాంటిది, ఉందని తెలియాలి గానీ అదే తెలియకూడదు.

ఈ మూడూ ఒకేసారి పండవు కాబట్టి, ఒకేసారి కోసి ఒకే తొట్టిలో పోసేస్తారనేది మామూలుగా జరగదు. కొన్నిచోట్ల రెండు రకాలు కలిపి పులియబెట్టేవాళ్లూ ఉన్నారు, అది వాళ్ల పద్ధతి. మా దగ్గర వేటికవే. ఎండెక్కకముందే, చాలాసార్లు రాత్రిపూటే కోస్తాం, పండు చల్లగా ఉంటే రసం రంగు మారదు. వెంటనే పిండుతాం, తొక్కల్ని రసంలో నాననివ్వం. రెడ్‌కీ వైట్‌కీ ప్రధానమైన తేడా ఇదే, రెడ్‌లో తొక్కతో సహా పులియబెడతారు. రసం ఒక రాత్రి చల్లగా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేరిన రసాన్ని వేరే ట్యాంకులోకి తీసి 16, 18 డిగ్రీల దగ్గర మెల్లగా పులియనిస్తాం. వేడెక్కిందా, సువాసనంతా గ్యాస్‌తో పాటు పైకి పోతుంది. ఆ రోజుల్లో సెల్లార్ అంతా మంచి వాసన వస్తుంటే టూరిస్టులు ఆహా అంటారు, మాకు మాత్రం సీసాలో ఉండాల్సింది గాల్లో పోతోందని దిగులు.

'డ్రై' అంటే ఏంటని అడిగావుగా, ఇక్కడే చెప్తా. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాల్ చేస్తుంది. వైట్ వైన్‌లో ఒక శాతం ఆల్కహాల్ రావాలంటే లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చవ్వాలి. అంటే నీ సీసా మీద 13 శాతం అని ఉంటే, ఆ రసంలో లీటరుకి 220 గ్రాముల దాకా చక్కెర ఉండేది, దాదాపు అంతా ఈస్ట్ తినేసింది. మిగిలిన చక్కెర లీటరుకి 4 గ్రాముల లోపైతే యూరప్‌లో దాన్ని 'సెక్' అనొచ్చు, అదే డ్రై. పులుపు బాగా ఉంటే 9 గ్రాముల వరకూ ఒప్పుకుంటారు, అది వేరే లెక్క. కూల్‌డ్రింకుల్లో లీటరుకి వంద గ్రాములు ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. పూల వాసన, పండ్ల వాసన వస్తుంది కాబట్టి మనవాళ్లు స్వీట్ అనుకుంటారు, నోట్లో పోసుకోగానే మొహం చిట్లిస్తారు. ముక్కు ఒకటి చెబుతుంది, నాలుక ఇంకోటి చెబుతుంది. మొదటి గుక్కతో తీర్పు చెప్పకు, రెండోది తిండితో పాటు తాగి చూడు.

ఇక కలపడం. మా దగ్గర ఇది జనవరి, ఫిబ్రవరిల్లో జరుగుతుంది. ఒక పొడవాటి బల్ల, తెల్ల కాగితం పరిచి ఉంటుంది, ఒక్కో ట్యాంకు నుంచి తెచ్చిన శాంపిల్ సీసాలకి టేపు మీద నంబర్లు, వంద మిల్లీలీటర్ల కొలత గాజు గొట్టం, పక్కన ఉమ్మే బకెట్. కొలత గొట్టంలో వంద గీతలున్నాయి కాబట్టి ఒక మిల్లీ అంటే ఒక శాతం. సులువు. ఒకసారి మేము 60 బూర్‌బూలాంక్, 40 గ్రెనాష్ పోసి చూశాం. మొదట బాగుంది, మింగాక గొంతులో ఆల్కహాల్ వెచ్చగా నిలబడింది. సరే, గ్రెనాష్ 30కి దించి పది రూసాన్ వేశాం. వాసన బ్రహ్మాండం, ఆ వేడి కూడా అణిగింది. అక్కడితో ఆగాల్సింది, ఎవరికో ఆశ పుట్టి రూసాన్ 15 చేశారు, ఇంకేముంది, కొండ మాయమైపోయింది, సముద్రం మాయమైపోయింది, సబ్బు కొట్టులోకి వెళ్లినట్టుంది. ఐదు మిల్లీలు అంటే టీ స్పూను. ఆ ఒక్క స్పూను పని అది. మళ్లీ వెనక్కొచ్చాం. ఇలా రోజంతా, మర్నాడు పొద్దున పళ్లు తోముకోకుండా వచ్చి మళ్లీ ఇంకోసారి (నిజం, పేస్టు రుచి ఉంటే నాలుక అబద్ధం చెబుతుంది).

ఇంకో మాట, పాడైన ట్యాంకుని మంచిదాంట్లో కలిపి దాచేయొచ్చు అని బయటివాళ్లు అనుకుంటారు. చెయ్యి కాల్చుకున్నవాడిగా చెప్తున్నా, అది పాలల్లో చుక్క మజ్జిగ పోసినట్టే. నా టీ రంగు గ్రెనాష్‌ని దేంట్లోనూ కలపలేదు, డిస్టిలరీకి పంపించేశారు.

పైగా కలపడం వల్ల ఇంకో లాభం ఉంది, అది రైతు బుర్రకి తొందరగా ఎక్కుతుంది. 2019 జూన్ 28న పక్కనే ఎరో జిల్లాలోని వెరార్గ్‌లో 46 డిగ్రీలు నమోదైంది, ఫ్రాన్స్‌లో ఎప్పుడూ లేనంత. ఆ చుట్టుపక్కల తోటల్లో ఆకులు, గెలలు మంట చూపించినట్టు మాడిపోయాయి. 2021 ఏప్రిల్‌లో దానికి రివర్స్, మంచు కొట్టి లేత చిగుళ్లు నల్లబడ్డాయి. ముందు చిగురించిన రకం దెబ్బ తింటే ఆలస్యంగా చిగురించేది బతుకుతుంది. అన్ని ఎకరాల్లో ఒకే రకం వేసినవాడి పరిస్థితి ఏంటో మన పత్తి రైతుని అడిగితే చెబుతాడు.

సరే, ఇప్పుడు ఆ 'కల్తీ' మాట దగ్గరికొస్తా, నాకు కోపం తెప్పించింది అదే. నీ సీసా వచ్చిన నార్బోన్ ప్రాంతం కల్తీ వైన్ మీద తిరగబడి నెత్తురు చిందించిన చోటు. ఫిలోక్సెరా అనే వేరు పురుగు 1860ల్లో మొదలై దక్షిణ ఫ్రాన్స్ తోటల్ని తుడిచిపెట్టింది. అది పురుగేనని 1868లో కనిపెట్టినవాళ్లలో మాంపెలియే శాస్త్రవేత్త ప్లాన్షాన్ ఒకరు. పరిష్కారం ఏంటో తెలుసా, అమెరికా ద్రాక్ష వేరు మీద ఫ్రెంచ్ తీగని అంటు కట్టడం, మన అంటు మామిడి లాగే. ఇప్పటికీ దాదాపు ప్రతి తీగా అలాంటిదే. పంట కొరతగా ఉన్న ఆ మధ్యకాలంలో పంచదార నీళ్లు పులియబెట్టి, ఎండు ద్రాక్ష నానబెట్టి 'వైన్' అని అమ్మడం అలవాటైంది. తర్వాత అసలు పంట తిరిగొచ్చింది, కల్తీ మాత్రం ఆగలేదు, అల్జీరియా నుంచి ఓడల్లో వైన్ దిగుతోంది, ధర పడిపోయింది. రైతులు అప్పుల్లో మునిగారు.

1907 మార్చి 11న నార్బోన్‌కి దగ్గర్లోని ఆర్జెలియే ఊరి నుంచి 87 మంది రైతులు నడుచుకుంటూ నార్బోన్ వచ్చారు. వాళ్లని నడిపించింది మార్సెలాన్ ఆల్బేర్ అనే చిన్న రైతు, ఊళ్లో కాఫీ హోటల్ కూడా ఉండేది. అక్కడ్నుంచి ప్రతి ఆదివారం ఒక్కో పట్నంలో సభ, జూన్ 9న మాంపెలియేలో ఐదు లక్షల మందికి పైగా వచ్చారని చెబుతారు. వాళ్ల డిమాండ్ ఒక్కటే, నీళ్లూ పంచదారా కలిపే కల్తీని ఆపండి అని. ప్రధాని క్లెమాన్సో సైన్యాన్ని దింపాడు. రైతుల పక్షం నిలిచిన నార్బోన్ మేయర్ ఫెరూల్‌ని అరెస్టు చేశారు, జూన్ 19, 20 తేదీల్లో నార్బోన్‌లో కాల్పులు జరిగి ఆరుగురు పోయారు. స్థానిక కుర్రాళ్లే ఉన్న 17వ రెజిమెంట్ తిరగబడింది. జూన్ 29కల్లా కల్తీకి వ్యతిరేకంగా చట్టం వచ్చింది. అంతమందిలో ఒక్కడైనా బూర్‌బూలాంక్‌లో గ్రెనాష్ కలపొద్దని అనలేదు. ద్రాక్షలో ద్రాక్ష కలపడం వాళ్ల వంట, ద్రాక్షలో నీళ్లు కలపడం దొంగతనం. ఆ తేడా వాళ్లకి తెలుసు.

మీ రూమ్మేట్‌కి ఇది కూడా చెప్పు, యూరప్ రూల్స్ ప్రకారం లేబుల్ మీద ఒకే ద్రాక్ష పేరు ఉంటే అందులో 85 శాతం ఆ ద్రాక్ష ఉంటే చాలు. అంటే అతను 'ప్యూర్' అనుకుని కొనే షార్డొనేలో 15 శాతం వరకూ వేరే ఏదైనా ఉండొచ్చు, పేరు కూడా రాయక్కర్లేదు. నీ సీసా మీద ముగ్గురి పేర్లూ రాసి మరీ ఇచ్చారు. ఎవరు దాచారు, ఎవరు చెప్పారు?

'లా క్లాప్' పేరుకి సొంత అపెలాసియోన్ గుర్తింపు, అంటే ఫలానా ఊరి వైన్ అని రూల్స్‌తో ఇచ్చే ముద్ర, 2015లో వచ్చింది, అంతకుముందు ఈ ప్రాంతం మొత్తానికీ ఉన్న లాంగ్‌డాక్ అనే పెద్ద పేరు గొడుగు కింద ఉండేది. వెనక లేబుల్ మీద 'సల్ఫైట్లు ఉన్నాయి' అని చూసి టెన్షన్ పడకు, లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే చాలు ఆ మాట రాయాల్సిందే, దాదాపు అన్ని సీసాల మీదా ఉంటుంది. ఆస్తమా ఉంటే మాత్రం జాగ్రత్త.

తాగడం సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోయకు. మరీ చల్లగా ఉంటే వాసన ముడుచుకుపోతుంది, వగరూ పులుపూ మాత్రమే మిగులుతాయి. పది పన్నెండు డిగ్రీలు చాలు, అంటే బయట పెట్టి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగు. తెరిచాక మిగిలితే బిరడా బిగించి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజుల్లో అవగొట్టు, గ్రెనాష్ ఉందిగా, గాలి తగిలితే ఏమవుతుందో నా కథ విన్నావు.

చేపల పులుసుతో వద్దు. కారం ఎక్కువున్న దేనితోనైనా 13 శాతం ఆల్కహాల్ ఆ మంటని ఇంకాస్త పెంచుతుంది, ఇక చింతపండు పులుపు ముందు వైన్‌లో పులుపు నీరుగారిపోతుంది. రెండూ పాడవుతాయి, పులుసు మీద నాకు వైన్ కన్నా గౌరవం ఎక్కువ. మన వంటలే కావాలంటే మిరియాలతో చేసిన రొయ్యల వేపుడు, కొబ్బరిపాలు పోసిన చేప కూర, ఉప్పూ పసుపూ రాసి వేయించిన వంజరం లాంటివి చెయ్యి, కారం చెయ్యి వెనక్కి లాక్కో. కూరల్లో అయితే అల్లం వేసిన బంగాళాదుంప వేపుడుతో నేను తాగుతా, ఇది ఇక్కడి వాళ్లకి చెబితే నవ్వుతారు, తిన్నాక అడిగి వడ్డించుకుంటారు. నార్బోన్ పక్క వాళ్లయితే ఆలోచించకుండా ఆయిస్టర్ గుల్లలు తెరిచి పెట్టుకుంటారు, పచ్చివే, పైన ఏమీ పిండకుండా. ఆ ఉప్పుకీ బూర్‌బూలాంక్‌కీ పాత స్నేహం. నీకు ఇష్టం లేకపోతే సీబాస్ చేప ఆలివ్ నూనెతో ఓవెన్‌లో పెట్టుకో, టూలూజ్ మార్కెట్లో దొరుకుతుంది.

చివరిగా ఒకటి. సీసా రోజుల తరబడి బాగా చల్లగా ఉంటే అడుగునో, బిరడాకో కలకండ పలుకుల్లా మెరిసే గింజలు కనిపించొచ్చు. 'ఇదిగో పంచదార కలిపారు' అని మీ రూమ్మేట్ గంతులేస్తాడు. అవి ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం ఉప్పుగా పేరుకున్న గింజలు. మన చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లమే. ఒకటి తీసి అతని నాలుక మీద పెట్టు.